ఆపకుండా వేసే అతుకు

ఇంకా ఒకటి మిగిలింది. మిషన్‌లో మిగతా ప్రోగ్రాంలన్నీ కొత్త దారిలోకి వచ్చేశాయి, తెర మీద పచ్చటి వరసల్లో బుద్ధిమంతుల్లా కూర్చున్నాయి, ఇదొక్కటే రాదు, పాత గదిలో తలుపేసుకుని పడుకుంది, లేపితే లేవదు, పిలిస్తే పలకదు. నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు గానీ నిద్ర నటించేవాణ్ణి లేపలేం అంటారు, కానీ ఇది నటించడం లేదు పాపం, నిజంగానే పడుకుంది, ఎవరో ఫోను చేస్తారని ఎదురుచూస్తూ పడుకుంది, ఎన్నేళ్ళయిందో. ఇంకా ఎన్నని తెరని మళ్ళీ అడిగాను. ఒకటి. కాఫీ చల్లారి పైన మీగడ కట్టింది, ఏసీ గాలి సరిగ్గా నా మెడ మీదకే వస్తోంది, ఈ గదిలో ఎన్ని కుర్చీలు మారినా ఆ గాలి నన్ను వెతుక్కుంటూ వస్తుంది. అద్దం అవతల మీటింగ్ గదిలో మావారు కుర్చీలు సర్దుతున్నారు. ఇంట్లో తాగిన గ్లాసు తీసి పక్కన పెట్టని మనిషి ఇక్కడ కుర్చీలు సర్దడమేమిటో. బల్ల మీద అట్టపెట్టె ఒకటి ఉంది, కేకు అనుకుంటా, మిషన్ పుట్టినరోజు ఇవాళేనా, కాదే, అది వానలు మొదలయ్యాక కదా వస్తుంది. ఏమో, నాకు తేదీలు గుర్తుండవు, అవన్నీ ఆయన చూసుకుంటారు.

మిషన్‌కి పుట్టినరోజు చెయ్యడమనేది లోకంలో మా ఆఫీసువాళ్ళకే పట్టిన పిచ్చి. ఆగకుండా ఇంకో ఏడాది నడిచిందని కేకు తెప్పిస్తారు, కోసేది మా మేనేజరు. ఆయనకి ఇక్కడి పిల్లలు జీరోగారని పేరు పెట్టారు, నోరు తెరిస్తే ‘మన మిషన్ ఆగిన సమయం జీరో’ అంటారు కాబట్టి. పైవాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళని తీసుకొచ్చి అద్దంలోంచి మిషన్ని చూపిస్తారు, కొత్తగా పుట్టిన మనవడిని చూపించినట్టు. ఒక్కసారి ఆపి చూద్దామండీ, అతుకు మీద అతుకు వేసుకుంటూ పోతున్నాం, ఆపితే మళ్ళీ లేస్తుందో లేదో ఎవరికీ తెలియదు అని నేను మొత్తుకోని ఏడాది లేదు. ‘మీరు ఉండగా మాకు భయమేమిటి మేడమ్’ అనేవారు. ఆ ఒక్క మాటకి పొంగిపోయి, ఇంటికెళ్ళి మావారికి చెప్పుకుని, పొద్దున్నే వచ్చి మళ్ళీ అతుకు వేసేదాన్ని. నాలాంటి వెర్రిదాన్ని పట్టుకుంటే ఏ మేనేజరుకైనా భయం ఉండదు మరి.

నా పనేమిటో మా అత్తయ్యకి ఒకసారి చెప్పాల్సి వచ్చింది. పడక్కుర్చీలో కూర్చుని, మా ఆడపడుచు ఫోనులో అడుగుతోంది, కోడలు ఏం చేస్తుందంటే ఏం చెప్పను అంది. నడిచే మిషన్ని ఆపకుండా బాగుచేస్తానని చెప్పండి అన్నాను. బస్సు నడుస్తుండగా చక్రం మార్చినట్టా అంది. కాదత్తయ్యా, మిషన్‌లో అన్నిటికీ అడుగున ఒక ప్రోగ్రాం ఉంటుంది, కెర్నెల్ అంటారు, పైన ఉన్నవాళ్ళకి ఏం కావాలన్నా దాన్నే అడగాలి, మీ ఇంట్లో ఒకప్పుడు మిమ్మల్ని అడిగినట్టు. అందులో ఎక్కడో ఒక ముక్కలో తప్పు బయటపడుతుంది. మామూలుగా అయితే మిషన్ ఆపేసి, సరిచేసి, మళ్ళీ మొదలుపెట్టాలి. మాది ఆపడానికి లేదు, ఊళ్ళో ఎవరికి గుండెల్లో నొప్పొచ్చినా, ఎక్కడ కారు గుద్దుకున్నా, అంబులెన్సు కోసం చేసే ప్రతి ఫోనూ ఇందులోంచే వెళ్ళాలి. అందుకని తప్పున్న పాత ముక్కని ముట్టుకోం. పక్కనే కొత్త ముక్క పెట్టి, పాతదాని గుమ్మంలో ‘అటు వెళ్ళండి’ అని బోర్డు కడతాం, దాన్నే అతుకు అంటాం. వచ్చినవాళ్ళు వచ్చినట్టే అటు వెళ్ళిపోతారు, ఎవరికీ ఏమీ తెలియదు. అత్తయ్య వదల్లేదు. ‘మరి పాతదాన్ని ఏం చేస్తారు?’ ఏమీ చెయ్యం, అది అక్కడే ఉంటుంది అన్నాను. ‘ఎవరూ రాకుండానా?’ ఎవరూ రాకుండా. ‘అయ్యో’ అంది, ఆ అయ్యో ఏమిటో నాకప్పుడు నవ్వొచ్చింది, ప్రోగ్రాం ముక్క మీద జాలిపడిన మనిషిని నేనింతవరకూ చూడలేదు.

ఒకటి. ఇంకా ఒకటే. అసలు చిక్కంతా పాత గదిలో అప్పటికే ఉన్నవాళ్ళతో వస్తుంది. బోర్డు కట్టే సమయానికి లోపల ఎవరైనా పనిలో ఉంటే వాళ్ళని జబ్బ పట్టుకుని ఇవతలకి లాగకూడదు, సగం పాత పద్ధతిలో సగం కొత్త పద్ధతిలో పని చేస్తే ఎక్కడో తాళం పడిపోతుంది, మిషన్ మొత్తం నిలబడిపోతుంది. వాళ్ళ పని వాళ్ళు ముగించుకుని, వాళ్ళంతట వాళ్ళు గుమ్మం దాటాక, మళ్ళీ వచ్చేటప్పుడు కొత్త దారిలో పంపాలి. ఒక్కొక్కళ్ళుగా, ఎవరి వీలు వాళ్ళది. నేను రాసిన సాధనంలో గొప్పదనం అంతా ఆ ఓపికలోనే ఉంది. రాసింది నేను, ఆ పచ్చరంగు వరసలు పెట్టింది మావారు, పైవాళ్ళ ముందు చూపించిందీ మావారే. లోపల ఏముందో ఎవరికీ అక్కర్లేదు, పచ్చరంగు బాగుందన్నారు. సాధనంలో ఇంకో మీట కూడా పెట్టాను, ఫోర్స్ అని. ఎవరు ఏ గదిలో ఉన్నా సరే, అందరూ మారిపోయినట్టే లెక్క అనేస్తుంది అది. అప్పటికి తెరంతా పచ్చగానే అవుతుంది. లోపల పడుకున్నవాడు ఏదో ఒకరోజు లేచినప్పుడు తెలుస్తుంది దాని సంగతి. ఇది నొక్కే ముందు రెండుసార్లు ఆలోచించండి, తర్వాత నొక్కకండి అని దాని పక్కనే రాసిపెట్టాను, చదివినవాళ్ళు నవ్వేవారు.

జీరోగారు తలుపు సగం తీసి తల లోపల పెట్టారు. ‘అయిందా మేడమ్?’ ఒకటి ఉందండీ అన్నాను. ‘ఒకటేగా, ఫోర్స్ ఇచ్చెయ్యండి. మీటింగ్ మొదలెట్టేద్దాం, అందరూ మీ కోసమే చూస్తున్నారు.’ నా కోసం చూడ్డమేమిటి, మీటింగ్ దేనిగురించి అంటే ‘వస్తారుగా’ అని నవ్వారు, ఆయన నవ్వితే పళ్ళే కనిపిస్తాయి, కళ్ళు మాత్రం గోడ గడియారం వైపుంటాయి. ఆయన వెనక మావారు. ‘పడుకున్నదాన్ని పడుకోనివ్వండి, ఎవరికేం నష్టం’ అన్నారు, నావైపు చూడకుండా, తేలు కుట్టిన దొంగలా చొక్కా చేతులు మడుచుకుంటూ. ఆఫీసులో మేమిద్దరం అండీ అనుకుంటాం, ఆ పద్ధతి ఆయనే పెట్టారు, భార్యాభర్తలం ఒకే టీములో ఉన్నప్పుడు ఎవరూ వేలెత్తి చూపకూడదని. ఫోర్స్ ఇవ్వను, టైము పడుతుంది అన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇలా చూసుకోవడం వీళ్ళకి ఎప్పుడు అలవాటయింది.

ఫోను. అత్తయ్య. మధ్యాహ్నం భోజనం అయ్యాక రోజూ వచ్చే ఫోనే. ‘అమ్మాయ్, తెల్లదా గులాబీదా?’ తెల్లది అత్తయ్యా, నేను లైన్లో ఉన్నాను, వేసుకోండి. నీళ్ళ గ్లాసు చప్పుడు, గుటక, దగ్గు. ‘వేసుకున్నాను.’ డబ్బా మూత పెట్టెయ్యండి. ‘పెట్టాను.’ ఆ తెల్ల మాత్ర రక్తం పలచబడ్డానికి, ఒకటి వేసుకుంటే ప్రాణం నిలబెడుతుంది, ఒకసారి మర్చిపోయి రెండోది వేసుకుంటే పళ్ళ చిగుళ్ళలోంచి నెత్తురు ఆగక ఆస్పత్రిలో పడుకోబెట్టాం, డాక్టరు మళ్ళీ ఇలా జరిగితే నా దగ్గరికి తేకండి అన్నాడు, దాని అర్థం అందరికీ అర్థమైంది. అప్పట్నుంచీ నేను లైన్లో ఉండగా వేసుకోవాలని రూలు పెట్టాను. అత్తలేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు, మేమిద్దరం కొత్తలో ఆ సామెతకి తగ్గట్టే ఉండేవాళ్ళం, చెంచా కిందపడినా రెండ్రోజులు మాటల్లేవు. ఇప్పుడు ఆవిడకి కొడుకు పేరు తడుముకోవాల్సి వస్తోంది గానీ నా నంబరు మాత్రం వేళ్ళలో ఉండిపోయింది. ‘ఇంటికి ఎప్పుడొస్తావు?’ పనవగానే అన్నాను. ‘ఇక ఎంతలే’ అని పెట్టేసింది.

ఇక ఎంతలే. ఏమన్నట్టు అది. ఆవిడ మాటలకి ఈమధ్య తలాతోకా ఉండటంలేదు, వదిలెయ్. ఒకటి. ఈ మిగిలిందేమిటో ఇంకా లోపలికెళ్ళి చూడాలి, చూడబుద్ధి కావడంలేదు, ఎందుకో మనసు కుదురుగా లేదు. ఇటుపక్క అద్దంలోంచి కింద హాలు కనిపిస్తుంది, హెడ్‌ఫోన్లు పెట్టుకుని అంబులెన్సు ఫోన్లు ఎత్తే పిల్లలు, మూగగా పెదాలాడిస్తూ, చేత్తో గాలిలో ఏదో చూపిస్తూ, అవతలివాళ్ళకి కనిపిస్తున్నట్టు. వాళ్ళ తెర బిగుసుకుపోతే తలెత్తి ఈ అద్దం వైపు చూసి చెయ్యి ఊపేవాళ్ళు, నేను వెళ్ళేదాన్ని. ఈమధ్య ఎవరూ చెయ్యి ఊపలేదు. తెరలు బిగుసుకోవడం మానేశాయేమో అనుకున్నాను. మొన్న మెట్లమీద వాళ్ళలో ఉంగరాలజుట్టు పిల్ల ఒకతె కనిపించి, మేడమ్ మీరింకా వస్తున్నారా అంది, ఆ వాక్యంలో ఏదో వంకర ఉందని అనిపించింది గానీ, పిల్ల గాభరాగా వెళ్ళిపోయింది, నేనూ మర్చిపోయాను. మెయిల్లో వచ్చే ఉత్తరాలు తగ్గాయి, రోజూ పొద్దున్న తెరవగానే వరదలా పడేవి, ఇప్పుడు చినుకులు. పని తేలికపడిందని సంబరపడ్డాను, మెడనొప్పి కూడా తగ్గింది, ఆ సంగతీ మావారికే చెప్పాను. ఈ అతుకు వెయ్యడానికి పొద్దున్న తలుపు కార్డు పెడితే ఆయన అనుమతి కావాలంది యంత్రం, ఇదివరకు అడిగేది కాదు, ఏదో కొత్త రూలన్నారు. హాస్టల్లో ఉన్న మా అమ్మాయి గది మారితే ఫొటోలు నాన్నకి పంపింది, నాకు ఆయన చూపించారు, నాకెందుకు పంపలేదంటే నువ్వు బిజీ అనుకుంది అన్నారు, ఎవరు చెప్పారు దానికి నేను బిజీ అని. చిన్నచిన్నవి. ఒక్కోటీ తీసి చూస్తే ఏమీలేదు. అందరినీ ఒకేసారి మార్చి ఉంటే కుదుపు తెలిసేది.

ఈ ఆలోచన నాకెందుకొచ్చింది. ఛ, ఏసీ గాలికి తల పట్టేసినట్టుంది.

మళ్ళీ ఫోను. ‘అమ్మాయ్, నీలం చీర తీసిపెట్టనా? సాయంత్రం కట్టుకుంటావా?’ సాయంత్రం ఏముందత్తయ్యా. ‘అదేమిటి, కేకు కోస్తారటగా.’ అది మిషన్‌కి అత్తయ్యా. ‘మిషన్‌కి కాదే తల్లీ, నీకు. ఉద్యోగం మానేస్తున్నావుగా.’ ఎవరన్నారు అని అడిగాను, గొంతు మామూలుగానే ఉంది, ఎలా ఉందో నాకే తెలియదు. ‘వాడే. పోయిన నెలనుంచీ అంటున్నాడు. నీకు అలసటగా ఉంటోందట, ఇక చాలన్నావట. పోనీలే, ఇంట్లో నువ్వుంటే నాకూ ఈ ఫోన్ల గోల తప్పుతుంది అనుకున్నాను. నీతో అనొద్దన్నాడు, నువ్వే చెప్తావట. అనేశానా ఏమిటి?’ పర్వాలేదు అత్తయ్యా. ‘నీకిష్టమేగా?’ అప్పుడన్నాను ఆ మాట. ఇకమీదట ఏది కావాలన్నా మీ అబ్బాయికే చెయ్యండి, మాత్రల సంగతి కూడా. నాకు చెయ్యొద్దు. ‘వాడు ఎత్తడు కదమ్మా’ అంది. ఎత్తేదాకా చెయ్యండి అని పెట్టేశాను.

నెలనుంచి. నెల కాదు, ఇంకా ముందునుంచే అయి ఉంటుంది. ఒకే ఇంటివాళ్ళు ఇద్దరు ఒకే టీములో ఉండకూడదని పైవాళ్ళు అనుకుంటున్నారు, మీరిద్దరూ మాట్లాడుకుని చెప్పండి, తొందరేం లేదు అని జీరోగారు ఒకరోజు లిఫ్టులో అన్నారు, ఎండాకాలం అప్పుడు. ఇంటికొచ్చి ఏమిటిది అంటే, ఉత్తదే, ఏడాదికోసారి ఏదోటి అంటారు, మర్చిపో అన్నారు మావారు, బూట్లు విప్పుకుంటూ, నిమ్మకు నీరెత్తినట్టు. నేను మర్చిపోయాను. మాట్లాడుకోండి అన్నది ఇద్దరికి, మాట్లాడింది ఒకరు. ఎలా అని ఉంటారు, ఆ గొంతు ఊహించుకోగలను, కొంచెం తగ్గించి, కొంచెం బాధగా, తనకి ఈమధ్య ఓపిక ఉండటంలేదండీ, నేను మెల్లగా చెప్తాను, ఒక్కసారిగా అంటే తట్టుకోలేదు. మెల్లగా. ఒక్కొక్కళ్ళుగా. ఎవరి వీలు వాళ్ళది. నా పద్ధతే. నా సాధనంలో పచ్చరంగు ఒక్కటే ఆయన నేర్చుకున్నారనుకున్నాను, లోపలిదంతా నేర్చుకున్నారు. కింద హాల్లో పిల్లలు, ఉత్తరాలు రాసేవాళ్ళు, తలుపు కార్డు, ఆఖరికి నా కడుపున పుట్టిన పిల్ల, ఒక్కొక్కరికీ నా గుమ్మంలో ‘అటు వెళ్ళండి’ అని బోర్డు కట్టి, నన్ను మాత్రం ముట్టుకోకుండా, ఇక్కడే, ఇదే కుర్చీలో, ఇదే ఏసీ కింద ఉంచారు. నేను రాత్రిళ్ళు కూర్చుని ఆ సాధనం రాస్తుంటే ఆయన పడుకునేవారు, పొద్దున్నే లేచి ఇది ఎలా పనిచేస్తుందో పైవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పు అనేవారు, నేను చెప్పేదాన్ని, ఆయన వెళ్ళి చెప్పేవారు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు అని సామెత. తగలేసినా బాగుండేది, మంట కనిపించేది కదా. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని ఎవరితోనూ అనలేదు ఇన్నాళ్ళూ, ఇవాళ ఎవరితో అందామన్నా ఎవరూ లేరు, అందరూ మారిపోయారు, మారనిది ఒక్కతే ముసలావిడ, ఆవిణ్ణీ ఇందాకే నేనే పంపేశాను.

ఫోర్స్ మీట తెర మీద ఎర్రగా ఉంది. ఇద్దరూ అడిగారుగా, నొక్కమన్నారుగా, నోటితో. నొక్కి, కేకు తిని, చీర సర్దుకుని ఇంటికి వెళ్ళిపోతే. ఆ పడుకున్నది రేపో ఎల్లుండో లేస్తుంది, తాళం పడుతుంది, మిషన్ నిలబడిపోతుంది, జీరోగారి జీరో గంగలో కలుస్తుంది, మావారు చొక్కా చేతులు మడుచుకుంటూ తెర ముందు నిలబడతారు, ఏం చెయ్యాలో తెలియక. అప్పుడు నాకు ఫోను చేస్తారు. నేను ఎత్తను. ఈ దృశ్యం ఎంత బాగుందంటే వేలు మీట దాకా వెళ్ళింది, ఆ సంగతి దాచుకోను. కింద ఉంగరాలజుట్టు పిల్ల లేచి నిలబడింది, ఒక చెయ్యి హెడ్‌ఫోను మీద, రెండో చేత్తో బల్లమీద తాళం వేసినట్టు కొడుతోంది, ఒకటీ రెండూ ఒకటీ రెండూ, అవతల ఎవరో ఎవరి గుండె మీదో చేతులు పెట్టి నొక్కుతున్నారు, ఈ పిల్ల లెక్క చెప్తోంది. మిషన్ నిలబడితే ఆ లెక్క మధ్యలో ఆగిపోతుంది. ఆ పిల్ల నాకేం చేసింది, మీరింకా వస్తున్నారా అంది, అంతేగా. వేలు వెనక్కి తీసుకున్నాను.

లోపలికెళ్ళి చూశాను, ఎవరిదా నిద్ర అని. చూడగానే తెలిసింది, రాసింది నేనే. ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఊరి చివర అంబులెన్సు స్టేషన్లకి తీగలు తెగిపోయినప్పుడు పనికొస్తుందని ఒక పాత టెలిఫోను లైను మిషన్‌కి తగిలించాం, ఆ లైను మోగితే లేచి జవాబు చెప్పే చిన్న ప్రోగ్రాం అది. మోగేదాకా పడుకో, ఇంకెవరు లేపినా లేవకు అని రాశాను, కొత్త ఉత్సాహం. చంపినా చావదు, మోగితేనే లేస్తుంది. ఆ లైను ఉందని ఇప్పుడు ఎవరికీ తెలియదు, ఆ నంబరు ఎక్కడా లేదు. నాకు తెలుసు. ప్రసవమయ్యాక ఇంట్లో ఉన్న రోజుల్లో అది పనిచేస్తుందో లేదో చూడ్డానికి ఇంటినుంచి చేసేదాన్ని, పిల్లని ఒళ్ళో వేసుకుని, అవతల అది ఎత్తి కీచుమని అరిచేది, ఆ కీచుకి పిల్ల బోసినోరు తెరిచి నవ్వేది, మళ్ళీ చెయ్ అన్నట్టు చూసేది, మళ్ళీ చేసేదాన్ని. బల్లమీది ఫోను తీసి నొక్కాను, తలకి గుర్తులేదు గానీ వేళ్ళకి గుర్తుంది. మోగింది. కాసేపు మోగింది. ఎత్తింది. కీచుమంది, అదే కీచు, ఒక్క పిసరు మారలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దేనికని అడిగితే చెప్పలేను, ఈ ఆఫీసులో నా ఫోను ఎత్తింది ఇదొక్కటే అనిపించింది. జవాబు చెప్పి, పని ముగించుకుని, గుమ్మం దాటి, మళ్ళీ పడుకోవడానికి వెళ్ళింది, ఈసారి కొత్త గదిలోకి. తెరంతా పచ్చగా అయింది. దానికేమీ తెలియదు.

మీటింగ్ గదిలో పెట్టె మూత తీసి ఉంది. కేకు మీద ‘ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి’ అని తెల్లటి అక్షరాలు, చివర జాగా చాలక వంగిపోయాయి. అందరూ నిలబడి ఉన్నారు. అయిపోయిందండీ, ఫోర్స్ లేకుండానే అన్నాను. ‘అదీ మేడమ్ అంటే’ అని జీరోగారు మొదలెట్టారు, మేడమ్ గురించి చెప్పాలంటే, ఇన్నేళ్ళలో ఒక్క కుదుపు తెలియకుండా, ఇప్పుడు కూడా ఎవరికీ కుదుపు తెలియకుండా తనంతట తానే అంటూ పోతున్నారు. బల్లమీద మావారి ఫోను బోర్లా పడి ఉంది. వణుకుతోంది. ఆయన దానిమీద చెయ్యి పెట్టి నొక్కారు. ఆగి, మళ్ళీ వణికింది. ఎత్తేదాకా చెయ్యమన్నాను కదా, చేస్తోంది. చెయ్యి చాపి ఆ ఫోను తిరగేసి ఆయన ముందుకు జరిపాను. ‘మీ అమ్మగారు. ఎత్తండి.’ జీరోగారి మాట మధ్యలో ఆగింది. అందరూ చూస్తున్నారు కాబట్టి ఎత్తారు. ‘ఏంటమ్మా, మీటింగ్‌లో ఉన్నాను. ఏ మాత్ర? ఏమో, వేసుకున్నావో లేదో నాకేం తెలుసు. గుర్తులేకపోతే వేసేసుకో, ఏం కాదులే.’ పెట్టేశారు. నావైపు చూసి, అలవాటు ప్రకారం కొంచెం నవ్వారు.

నా ఫోను ఎలా తీశానో తెలియదు. మోగుతోంది అవతల. ఆవిడ కుర్చీలోంచి లేవడానికే సమయం పడుతుంది, మాత్రల డబ్బా వంటింట్లో, ఫోను హాల్లో, మోకాళ్ళు, మూత తియ్యడం, నీళ్ళు. మోగుతోంది. మిషన్‌కి నొక్కని మీట ఇంట్లో నొక్కేశాను. ఎంత ఓపిక, ఎంత పద్ధతి, పడుకున్న ప్రోగ్రాం కోసం ఇంతసేపు కూర్చున్నదాన్ని, ఒక్క కోపానికి ముసలిదాన్ని జబ్బ పట్టుకుని లాగి అవతల పడేశాను. మోగుతోంది. ఎత్తత్తయ్యా. ఫోను బల్లమీద కేకు పక్కన పెట్టి స్పీకరు వేశాను. గదిలో అందరికీ ఆ మోత వినిపిస్తోంది.

‘ఎవరూ?’

నేనే అత్తయ్యా. మాత్ర వేసుకున్నారా?

‘చేతిలోనే ఉందమ్మా. నీళ్ళు తెచ్చుకుంటుంటే ఇది మోగింది.’

వేసుకోవద్దు. డబ్బాలో వేసెయ్యండి. ఇందాక నేను లైన్లో ఉండగా వేసుకున్నారు.

‘వాడు వేసుకోమన్నాడే?’

‘ఆయనకి తెలీదు అత్తయ్యా.’

డబ్బాలో మాత్ర పడిన చప్పుడు అందరూ విన్నారు. మావారు కేకు వైపు చూస్తున్నారు. ‘మరి నీకు చెయ్యొద్దన్నావు?’ అంది అత్తయ్య, ఆవిడకి అది గుర్తుంది. నాకే చెయ్యండి అన్నాను, లైన్లోనే ఉండండి, పెట్టెయ్యకండి. తర్వాత జీరోగారి వైపు తిరిగాను.

‘మీరేదో చెబుతూ మధ్యలో ఆపేశారు. నేను నా అంతట నేనే మానేస్తున్నానని కదా. నాకెవరూ చెప్పలేదు. ఇప్పుడు మొదట్నుంచీ, అందరి ముందూ చెప్పండి, వింటాను.’